కొట్టేవాడు అడగని మతం, కోర్టు అడిగింది

2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక అట్రాసిటీ కేసును కొట్టేసింది. పాత గుంటూరు జిల్లాలో, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న ఒక గ్రామంలో పదేళ్లుగా పాస్టర్‌గా పనిచేస్తున్న దళితుడు పెట్టిన కేసు అది. తనను కులం పేరుతో తిట్టారని, కొట్టారని ఆయన ఫిర్యాదు. నిందితులు హైకోర్టుకు వెళ్లి ఒకే మాట అడిగారు: ఆయన క్రైస్తవుడు కదా, ఎస్సీ ఎలా అవుతాడు? జస్టిస్ ఎన్. హరినాథ్ ఆ వాదనను అంగీకరించారు. క్రైస్తవంలోకి మారిన రోజే ఆ వ్యక్తి షెడ్యూల్డ్ కులాల సభ్యుడిగా ఉండడం ఆగిపోయిందని, ఆయన చేతిలో ఉన్న కుల ధ్రువపత్రం ఇంకా రద్దు కాకపోయినా అది అట్రాసిటీ చట్టం కింద రక్షణ ఇవ్వదని తీర్పు చెప్పారు.

ఈ తీర్పు మీద రెండు రకాల స్పందనలు వచ్చాయి. 'మతం మార్చుకుని కూడా రెండు చేతులా లాభం పొందేవాళ్లకు ఇది చెంపపెట్టు' అని సంబరపడినవాళ్లు ఒకవైపు. 'న్యాయస్థానం అన్యాయం చేసింది' అని బాధపడినవాళ్లు ఇంకోవైపు. రెండూ అసలు విషయాన్ని పక్కకు నెట్టేస్తున్నాయి. జడ్జి తన సొంత అభిప్రాయం చెప్పలేదు. 75 ఏళ్లుగా అమల్లో ఉన్న ఒక ఉత్తర్వును చదివి వినిపించారు. కాబట్టి మనం ప్రశ్నించాల్సింది ఆ ఉత్తర్వును, దాని వెనకున్న రాజ్యం ఆలోచనను. ఏ మతాన్నీ తనదిగా చెప్పుకోని రాజ్యం ఒక మనిషి మీద జరిగిన కుల హింసను లెక్కలోకి తీసుకునే ముందు 'నువ్వు ఏ దేవుడికి మొక్కుతావు' అని అడగవచ్చా? ఈ దేశపు లౌకికతకు ఇంతకంటే కఠినమైన పరీక్ష లేదు. ఆ పరీక్ష ఇప్పుడు మన పత్తి, మిరప చేల మధ్య జరుగుతోంది.

చట్టం ఏమంటోంది

1989 అట్రాసిటీ చట్టం 'షెడ్యూల్డ్ కులం' అనే మాటకు సొంతంగా నిర్వచనం ఇవ్వదు. రాజ్యాంగంలోని 366వ అధికరణం చూడమంటుంది. అది 341వ అధికరణం దగ్గరికి పంపుతుంది. దాని కింద రాష్ట్రపతి 1950లో జారీ చేసిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించే ఏ వ్యక్తినీ షెడ్యూల్డ్ కులాల సభ్యుడిగా పరిగణించరాదన్నది మొదట్లో దాని సారాంశం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు.

ఈ గీత స్వతంత్ర భారతం కొత్తగా గీసింది కూడా కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1936లో తెచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోనే భారతీయ క్రైస్తవులను మినహాయించారు. మతాన్ని బట్టి ఓటర్లను వేరు చేసిన వలస పాలన లెక్క అది. రాజ్యాంగం ఆ ఓటరు జాబితాలను రద్దు చేసింది. ఈ మినహాయింపు మాత్రం మిగిలింది.

అదే రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 'ఏ రూపంలో ఉన్నా' అంది తప్ప 'హిందువుల మధ్య ఉంటే' అనలేదు. 25వ అధికరణం ప్రతి పౌరుడికీ అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది. ఒక దళితుడు 25వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛను వాడుకుంటే, 17వ అధికరణం ఇచ్చిన మాటను నిలబెట్టడానికి తెచ్చిన చట్టం చేజారిపోతుంది. మిగతా పౌరులకు రెండు హక్కులూ కలిసే వస్తాయి. దళితుడి ముందు మాత్రం రెండింటిలో ఒకటి ఎంచుకోమని పెడుతున్నారు.

చేజారిపోయేది ఏమిటో కూడా తెలుసుకోవాలి. అట్రాసిటీ చట్టం వర్తిస్తే నిందితులకు ముందస్తు బెయిలు దొరకడం కష్టం. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. విచారణ ప్రత్యేక కోర్టులో జరగాలి. బాధితులకు ప్రభుత్వం పరిహారం, సహాయం ఇవ్వాలి. కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారి మీద కూడా కేసు పెట్టవచ్చు. చట్టం వర్తించకపోతే అది మామూలు కొట్లాట కేసు అవుతుంది. పల్లెలో మామూలు కొట్లాట కేసు ఎలా ముగుస్తుందో అందరికీ తెలుసు. స్టేషన్‌లో పంచాయితీ, నాలుగు రోజులకు రాజీ, మళ్లీ అదే ఆసామి చేలో కూలి.

గుండ్లకమ్మ నుంచి కారంచేడు దాకా

ఈ ప్రాంతంలో క్రైస్తవం దళితుల చరిత్రలో విడదీయలేని భాగం. 1842లో హేయర్ గుంటూరులో లూథరన్ మిషన్ మొదలుపెట్టాడు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పనిచేశాడు. 1876-78 కరువు కాలంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని చూపించాడు. కరువు తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. స్థూలంగా చెప్పాలంటే గుంటూరు వైపు మాలలు లూథరన్లు, ఒంగోలు వైపు మాదిగలు బాప్టిస్టులు అయ్యారు. బడి, ఆసుపత్రి, చదివే పుస్తకం, కూర్చునే బెంచీ వాళ్లకు మొదటిసారి దొరికింది అక్కడే. గుడిలోకి రానివ్వని మనుషులు తమకంటూ ఒక ప్రార్థనా స్థలం కట్టుకున్నారు. దీన్ని ప్రలోభం అనేవాళ్లు, ఆ రోజుల్లో ఊరు ఆ మనుషులకు ఏమిచ్చిందో ముందు చెప్పాలి.

బాప్తిస్మం వాళ్లకు ఆత్మగౌరవం ఇచ్చింది. అయితే ఊరి కంట్లో వాళ్ల స్థానం మారలేదు. చర్చి పల్లెలోనే వెలిసింది, పల్లె ఊరి బయటే ఉంది. పొలం ఊరిదే, కూలి పల్లెదే. పత్తితీతకైనా మిరపకోతకైనా ఆటోలో ఎక్కించుకునేటప్పుడు మేస్త్రీ చర్చి పేరు అడగడు. ఏ పల్లె అని అడుగుతాడు. ఆ ఒక్క జవాబుతో కులం తెలిసిపోతుంది.

1985 జూలై 16, 17 తేదీల్లో కారంచేడులో ఏం జరిగిందో గుర్తుచేసుకుందాం. మాదిగలు తాగే చెరువు నీటిని కమ్మ యువకులు మురికి చేస్తుంటే అభ్యంతరం చెప్పారు. తన మీదికి వచ్చినవాళ్లకు ఎదురుగా బిందె ఎత్తి నిలబడిన స్త్రీ పేరు సువార్తమ్మ. ఆ మర్నాడు దాడికి వచ్చిన వందలాది మంది ఆమె పేరులోని సువార్తను చూసి ఆగలేదు. ఆరుగురు మాదిగలను చంపారు. అమరుల్లో మోషే పేరున్నవాళ్లు ఉన్నారు. బతికి బయటపడినవాళ్లు చీరాలకు చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చంపినవాళ్లకు వాళ్లు మాదిగలు. అంతకుమించి ఏ వివరమూ అక్కర్లేకపోయింది.

అదే ఏడాది సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు చెప్పింది. మద్రాసు వీధుల్లో చెప్పులు కుట్టుకునే ఆది ద్రావిడ క్రైస్తవుడికి, చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే బంకు దక్కలేదు. కారణం ఆయన క్రైస్తవుడు కావడం. మతం మారిన తర్వాత కూడా కుల వివక్ష అంతే తీవ్రంగా కొనసాగుతోందని రుజువు చూపాలని, ఆ రుజువు తమ ముందు లేదని కోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. కారంచేడు జరిగి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ఢిల్లీ రుజువు అడుగుతున్న రోజుల్లో ఆ రుజువు చీరాల శిబిరంలో గంజి తాగుతూ ఉంది.

కారంచేడు పోరాటం నుంచి దళిత మహాసభ పుట్టింది. అట్రాసిటీ చట్టం రావడానికి దారితీసిన ఒత్తిళ్లలో కారంచేడు ఒకటి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు ఆ చట్టం కింద కేసు నడపడానికి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నది కూడా ఈ గడ్డ మీది పోరాటమే. అంటే సువార్తమ్మ లాంటివాళ్ల రక్తం నుంచి వచ్చిన చట్టం అది. సువార్తమ్మ లాంటి పేరున్నవాళ్లకే అది వర్తించదని ఇప్పుడు చెబుతున్నాం. ఇందులోని అన్యాయం అర్థం కావడానికి న్యాయశాస్త్రం చదవాల్సిన పని లేదు.

స్టూవర్టుపురం చూడండి

అదే బాపట్ల జిల్లాలో స్టూవర్టుపురం ఉంది. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలను ఒకచోట కట్టిపడేయడానికి 1910ల్లో బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన సెటిల్‌మెంటు అది. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఆ సంస్థ క్రైస్తవ సంస్థ, అక్కడి ఎరుకల్లో చాలామంది క్రైస్తవులయ్యారు. అయినా వాళ్లు ఈరోజుకీ షెడ్యూల్డ్ తెగలే. ఎందుకంటే 1950లోనే జారీ అయిన షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు.

2004లో చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకొంచెం స్పష్టత ఇచ్చింది. అది కూడా అట్రాసిటీ చట్టం కింద వచ్చిన కేసే. తెగకు చెందిన కుటుంబం క్రైస్తవంలోకి మారినంత మాత్రాన తెగ సభ్యత్వం దానంతటదే పోదంది. ఆ కుటుంబం ఇంకా ఆ తెగ ఆచారాలు పాటిస్తోందా, పాత వివక్షను ఇంకా అనుభవిస్తోందా అనేది వాస్తవాల మీద తేలాల్సిన విషయమని, విచారణలో తేల్చుకోవాలని చెప్పింది. న్యాయమైన పద్ధతి అది. మతం పేరు చూసి తలుపు మూయకుండా మనిషి బతుకు చూడమంటోంది.

ఒకే జిల్లాలో పక్కపక్క ఊళ్లలో ఉన్న ఇద్దరిని ఊహించండి. ఒకరు ఎరుకల, ఒకరు మాల. ఇద్దరూ ఆదివారం చర్చికి వెళ్తారు. ఇద్దరినీ ఒకే ఆసామి తన చేలో కులం పేరుతో తిట్టి కొట్టాడు. ఎరుకల మనిషికి అట్రాసిటీ చట్టం ఉంది, ఉండాలి కూడా. మాల మనిషికి లేదు. అదే మాల మనిషి అమరావతి స్తూపం దగ్గర బౌద్ధం తీసుకుని ఉంటే చట్టం ఉంటుంది. మసీదుకు వెళ్లి ఉంటే ఉండదు. తిట్టు ఒకటే, దెబ్బ ఒకటే. మారింది బాధితుడి దేవుడు మాత్రమే. దేవుణ్ణి బట్టి న్యాయం మారే రాజ్యాన్ని ఏ నిఘంటువు చూసి లౌకిక రాజ్యం అనాలి?

'షెడ్యూల్డ్ కులాలు వేరు, తెగలు వేరు. కులం హిందూ మత వ్యవస్థలో భాగం, తెగ కాదు' అనేది దీనికి మామూలుగా వచ్చే జవాబు. ఆ జవాబు 1956తో, 1990తో బలహీనపడింది. సిక్కు మతంలోనూ, బౌద్ధంలోనూ సిద్ధాంతపరంగా కులం లేదు. అయినా ఆ మతాల్లోకి వెళ్లిన దళితులను కులం వెంటాడుతోందని పార్లమెంటు గుర్తించింది. సరైన పనే చేసింది. సిద్ధాంతం సంగతి పక్కనపెట్టి సమాజాన్ని చూసే ఆ పద్ధతి క్రైస్తవుల దగ్గరికి, ముస్లింల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోయిందన్నదే ప్రశ్న.

వెనక్కి వస్తే తిరిగొచ్చే కులం

మతం మారితే కులం పోతుందనే వాదనకు గట్టి జవాబు గుంటూరు నుంచే వచ్చింది. గుంటూరు మెడికల్ కాలేజీ ప్రిన్సిపాల్ కేసులో 1976లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. క్రైస్తవంలోకి మారిన మాదిగ తల్లిదండ్రులకు పుట్టిన ఒక విద్యార్థి హిందూ మతంలోకి వచ్చి ఎస్సీ కోటాలో సీటు అడిగాడు. పుట్టుకతో హిందువు కాదని కాలేజీ నిరాకరించింది. సుప్రీంకోర్టు అలా కాదంది. అతను హిందూ మతంలోకి వచ్చాక ఆ కులస్థులు తమవాడిగా అంగీకరిస్తే అతను ఆ కుల సభ్యుడే అవుతాడని చెప్పింది. 2015లో కె.పి. మను కేసులో ఇదే సూత్రాన్ని మూడు షరతులుగా పెట్టింది: పూర్వీకుల కులం, తిరిగి మారినట్టు రుజువు, ఆ కులస్థుల అంగీకారం.

ఒక తరం తర్వాత తిరిగొచ్చినా దొరికే కులం మధ్యలో ఎక్కడికి పోయినట్టు? ఎక్కడికీ పోలేదు. పల్లెలోనే ఉంది, పెళ్లి సంబంధాల్లో ఉంది, కూలి ముఠాలో ఉంది, ఊరి నాలుక మీద ఉంది. కోర్టు ఒప్పుకున్నది ఆ సంగతినే. ఒప్పుకుంటూనే, క్రైస్తవుడిగా ఉన్నంతకాలం అది లేదని నటించమంటోంది. కులాన్ని మోస్తున్నందుకు రక్షణ లేదు, తిరిగొస్తే బహుమానం ఉంది. దీన్ని తటస్థత అనలేం. ఒక మతం వైపు నేలను కొంచెం వాల్చి పెట్టడమే ఇది.

అగ్రకులాలకు ఈ పరీక్ష లేకపోవడం గమనించండి. ఫిరంగిపురం వైపు రెడ్డి కేథలిక్కులున్నారు, కమ్మ కేథలిక్కులున్నారు. తరాలుగా చర్చికి వెళ్తున్నా వాళ్ల ఇంటిపేరు వెనక కులం అలాగే ఉంది, పొలం అలాగే ఉంది. 2019లో వచ్చిన ఈడబ్ల్యూఎస్ పది శాతం కోటాకు అర్హులైతే వాళ్లను ఎవరూ మతం అడగరు. బీసీ జాబితాలో దూదేకులవారున్నారు, ముస్లిం వృత్తి కులాలున్నాయి. మతం దగ్గర ఆగిపోయేది ఎస్సీ జాబితా ఒక్కటే. ఎస్సీ కులాల నుంచి క్రైస్తవులైనవాళ్లకు మన రాష్ట్రం బీసీ-సి కింద ఒక శాతం ఇస్తోంది. అంటే రాష్ట్రానికి వాళ్ల కులం తెలుసు, వెనుకబాటు తెలుసు. బీసీ జాబితాకు అట్రాసిటీ చట్టం వర్తించదు కాబట్టి వాళ్ల మీద జరిగే హింస మాత్రం తెలియదు.

చర్చిలు కూడా ఈ అద్దంలో చూసుకోవాలి. 'క్రీస్తులో కులం లేదు' అని ప్రసంగించే పీఠం మీద ఎవరున్నారు, ట్రస్టు ఆస్తులు ఎవరి చేతిలో ఉన్నాయి, బిషప్ ఎన్నికల్లో కులం ఎలా పనిచేస్తోంది అన్నవి చర్చి లోపల అందరికీ తెలిసిన విషయాలే. 2022లో ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయినప్పుడు ప్రపంచమంతా 'మొదటి దళిత కార్డినల్' అని రాసింది. శతాబ్దాల భారతీయ కేథలిక్ చరిత్రలో మొదటివాడు 2022లో వచ్చాడంటే చర్చిలో కులం ఉన్నట్టా, లేనట్టా? ఎస్సీ హోదా అడిగే చర్చి పెద్దలు తమ ఇంట్లో కులం ఉందని ముందు ఒప్పుకోవాలి. వాళ్లు ఒప్పుకోని ప్రతిసారీ కోర్టుల్లో 'క్రైస్తవంలో కులం లేదు' అనే వాదనకే బలం చేకూరుతోంది.

రికార్డులో ఒక మతం, ఆదివారం ఒక మతం

ఈ చట్టం మనుషుల చేత ఏం చేయిస్తోందో జనాభా లెక్కలు చెబుతాయి. 1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 4.19 శాతం. 2011 నాటికి 1.34 శాతం. సంఖ్యలో చూసినా 18 లక్షల పైచిలుకు నుంచి 11 లక్షల పైచిలుకుకు పడిపోయారు. ఆ నలభై ఏళ్లలో కోస్తా పల్లెల్లో చర్చిలు పెరగడమే తప్ప తగ్గడం ఎవరూ చూడలేదు. ఈ తేడా విశ్వాసంలో వచ్చిన తేడా కాదనేది స్పష్టం. ఎస్సీ అని రాయాలంటే మతం గడిలో హిందూ, సిక్కు, బౌద్ధం మూడింటిలో ఒకటే ఉండాలన్నది జనగణన నిబంధన. మనుషులు ఫారానికి తగ్గట్టు తమను మార్చుకున్నారు.

ఇక్కడి పల్లెల్లో ఇది రోజువారీ బతుకు. బడిలో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు. చర్చిలో పెళ్లి జరుగుతుంది, కానీ రిజిస్టర్‌లో క్రైస్తవ వివాహంగా నమోదు చేయాలంటే భయం, రేపు అదే కాగితం సాక్ష్యం అవుతుందని. ఇంటి గోడ మీద వాక్యం క్యాలెండరు ఉంటుంది, తహసీల్దారు ఆఫీసు నుంచి విచారణకు వస్తున్నారంటే దాన్ని తీసేస్తారు. ఎన్నికల్లో ఎస్సీ రిజర్వు స్థానంలో ఓడిపోయినవాళ్లు గెలిచినవాళ్ల చర్చి ఫొటోలు వెతుకుతారు. గుంటూరు జిల్లాలోని తాడికొండ ఎస్సీ నియోజకవర్గం నుంచి 2019లో గెలిచిన ఎమ్మెల్యే మీద కూడా క్రైస్తవురాలనే ఫిర్యాదు రాష్ట్రపతి దాకా వెళ్లి విచారణ జరిగింది.

దీన్ని చూసి 'మోసం' అనేవాళ్లున్నారు. 2024 నవంబరు 26న పుదుచ్చేరికి చెందిన సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, నిజమైన విశ్వాసం లేకుండా కోటా కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగం మీద మోసం అంది. ఆమె బాప్తిస్మం, ఆమె చర్చి హాజరు అన్నీ పరిశీలించింది. నా అభ్యంతరం అక్కడే. ఒక పౌరురాలి విశ్వాసం నిజమైనదా కాదా అని తూచే పని రాజ్యానికి ఎలా వచ్చింది? మూడో పేరా ఉన్నంతకాలం రాక తప్పదు. ఆర్డీవో, కలెక్టరు, జడ్జి ఎవరైనా సరే, ఆ పేరాను అమలు చేయాలంటే ఒక మనిషి గుండెలోకి తొంగి చూడాల్సిందే. నిజం చెబితే రక్షణ పోతుంది, అబద్ధం చెబితే మోసగాడంటారు. పౌరుణ్ణి ఈ ఇరుకులోకి నెట్టింది చట్టమే. నింద మాత్రం పౌరుడి మీద పడుతోంది.

ఏ లౌకికత?

మన దగ్గర లౌకికత గురించి చర్చ ఎప్పుడూ గుడి, మసీదు, చర్చిల మధ్య తగాదాగానే నడుస్తుంది. టీటీడీలో హిందూయేతర ఉద్యోగులు ఉండవచ్చా, పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం ఇవ్వవచ్చా, సనాతన ధర్మ పరిరక్షణకు బోర్డు పెట్టాలా అని వాదించుకుంటాం. ఈ వాదనల్లో మతం అంటే సంస్థ. పార్టీలకు కూడా సంస్థలతో వ్యవహారమే సులువు. పెద్దలను పిలిచి, శాలువా కప్పి, నిధి ప్రకటిస్తే సరిపోతుంది.

దళితుడికి లౌకికత అంటే వేరే అర్థం ఉంది. రాజ్యం అన్ని మతాల పెద్దలతో సమానంగా ఉందా అన్నది రెండో ప్రశ్న. మతం పెట్టిన ముద్ర నుంచి నన్ను కాపాడుతోందా, ఆ ముద్ర నుంచి బయటపడే దారి నేను ఎంచుకుంటే శిక్షించకుండా ఉంటోందా అన్నది మొదటి ప్రశ్న. అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో మతం మారినప్పుడు దాన్ని విముక్తి దారిగానే చూశాడు. ఆ దారిలో నడిచిన బౌద్ధులకు కూడా 1990 దాకా ఈ దేశం ఎస్సీ హోదా నిరాకరించింది. ముప్పై నాలుగేళ్లు. మతం మారే స్వేచ్ఛ కాగితం మీద అందరికీ ఉన్నా, దానికి రుసుము కట్టించుకున్నది దళితుల దగ్గరే.

ఉదార ప్రజాస్వామ్యానికి కనీస షరతు ఒకటుంది. పౌరుడి హక్కు అతని నమ్మకం మీద ఆధారపడకూడదు. మతాన్ని ప్రజాజీవితం నుంచి పూర్తిగా తోసేసే ఫ్రాన్స్ పద్ధతి మనకు కుదరదు, అక్కర్లేదు కూడా. అంటరానితనం మతం పేరుతో నడిచింది కాబట్టి రాజ్యం మతంలో జోక్యం చేసుకోక తప్పదని మన రాజ్యాంగం ముందే ఒప్పుకుంది. గుడి తలుపులు తెరిపించింది అందుకే. కానీ జోక్యం ఎవరి పక్షాన అన్నది ముఖ్యం. తలుపులు తెరిపించడం అణచివేతకు గురైనవాడి పక్షాన చేసిన జోక్యం. మూడో పేరా మాత్రం అణచివేతకు గురైనవాణ్ణి నిలబెట్టి ప్రశ్నించే జోక్యం.

ఎదురు వాదనలు

ఈ విషయంలో దళితుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి, వాటిని తోసిపుచ్చకూడదు. మొదటిది వాటా గురించి. ఎస్సీ రిజర్వేషన్ పదిహేను శాతం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు అనుమతి ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రం దాన్ని రెల్లి ఉపకులాలకు ఒక శాతం, మాదిగ ఉపకులాలకు ఆరున్నర, మాల ఉపకులాలకు ఏడున్నరగా విభజించింది. మూడు దశాబ్దాల పోరాటం తర్వాత వచ్చిన ఈ లెక్కలోకి కొత్తవాళ్లు వస్తే ఏమవుతుందన్న ఆందోళన సహజమే. మిషన్ బడుల్లో చదువుకున్నవాళ్లు ముందు వరుసలో ఉంటారన్న భయమూ ఉంది.

దీనికి నా జవాబు రెండు భాగాలు. ఒకటి, కోస్తాలో చర్చికి వెళ్లే దళితుల్లో ఎక్కువమంది రికార్డుల్లో ఇప్పటికే హిందూ ఎస్సీలు. జనాభా లెక్కలు చూపించేది అదే. కాబట్టి కొత్తగా వచ్చిపడే వరద ఏమీ లేదు. ఉన్నవాళ్లు భయం లేకుండా ఉండగలుగుతారు, అంతే. రెండు, నిజంగా ముందున్న కుటుంబాల ప్రశ్న వర్గీకరణ లోపల తేల్చుకోవాల్సిన ప్రశ్న. దానికి మతం కొలత కాదు. హిందూ రికార్డుతో ఉన్న ఐఏఎస్ కుటుంబమూ ఉంది, క్రైస్తవ రికార్డుతో మిరపకాయలు కోసే కుటుంబమూ ఉంది.

రెండో వాదన ఆధారాల గురించి. ఆధారాలు ఇప్పటికే ఉన్నాయి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరా తీసేయాలని సిఫారసు చేసింది. 2008లో జాతీయ మైనారిటీ కమిషన్ కోసం సతీశ్ దేశ్‌పాండే రూపొందించిన నివేదిక, ఈ వర్గాలకు ఎస్సీ హోదా నిరాకరించడానికి తగిన కారణం కనబడదని తేల్చింది. ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ 2009లో, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానాలు చేసి కేంద్రానికి పంపాయి. సుప్రీంకోర్టులో 2004 నుంచి పిటిషన్ పెండింగులో ఉంది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది, రెండేళ్ల గడువు ఇచ్చి తర్వాత పొడిగించింది. ఒక తరం పిల్లలు ఈ కమిషన్ల మధ్యే పెద్దవాళ్లయ్యారు. తీర్మానం చేసి పంపడం రాష్ట్ర పార్టీలకు సులువైన పని. ఖర్చు లేదు, బాధ్యత ఢిల్లీది. తీర్మానం చేసిన పార్టీలే ఢిల్లీలో ఆ ఊసెత్తవు.

రక్షణకు వాటాతో ముడి ఎందుకు?

మూడో పేరా మొత్తంగా పోవాలన్నదే నా అభిప్రాయం. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 1956లో, 1990లో చేసినట్టు పార్లమెంటు ఒక సాధారణ చట్టంతో చేయవచ్చు. కానీ ఆ చర్చ ఎంతకాలం సాగినా, రేపే చేయగలిగిన పని ఒకటుంది. అట్రాసిటీ చట్టాన్ని రిజర్వేషన్ చర్చ నుంచి విడదీయడం.

సీట్లు, ఉద్యోగాలు పరిమితం. వాటిని పంచుకోవడంలో తగాదా రావడం సహజం. దెబ్బల నుంచి రక్షణ అలాంటిది కాదు. ఒక క్రైస్తవ మాదిగకు అట్రాసిటీ చట్టం వర్తిస్తే ఏ హిందూ మాదిగకూ ఏమీ తగ్గదు. పైగా ఇద్దరికీ మేలు. ఇప్పుడున్న స్థితిలో ప్రతి కేసులోనూ నిందితుడి వకీలు చేసే మొదటి పని బాధితుడి ఇంటి గోడ మీద శిలువ ఉందా అని చూడడమే అవుతుంది. గుడికి వెళ్లే దళితుడు కూడా తన భక్తిని కోర్టులో నిరూపించుకోవాల్సి వస్తుంది. విచారణ ఎవరు కొట్టారన్న దగ్గర్నుంచి ఎవరు ఎక్కడ మొక్కారన్న దగ్గరికి జారిపోతుంది.

1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం దారి చూపిస్తోంది. అంటరానితనం పాటించినవాణ్ణి అది శిక్షిస్తుంది. బాధితుడు ఎస్సీ అయితే నేరం అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగా భావించాలంటుంది. కానీ బాధితుడి మతాన్ని కేసుకు షరతుగా పెట్టదు. దాని శిక్షలు బలహీనం, వాడకం తక్కువ. అయినా దాని చూపు సరైనది, నేరం చేసినవాడి వైపు చూస్తుంది. అట్రాసిటీ చట్టంలోని రెండో సెక్షన్ నిర్వచనాన్ని సవరించి, ఈ చట్టం వరకు జాబితాలోని కులాల్లో పుట్టినవాళ్లందరూ ఏ మతంలో ఉన్నా బాధితులుగా గుర్తింపు పొందుతారని రాస్తే చాలు. బలమైన చట్టానికి సరైన చూపు వస్తుంది. కమిషన్ నివేదిక కోసం కూడా ఎదురుచూడనక్కర్లేదు.

ఇది జరగాలంటే అడగాల్సినవాళ్లు కలిసి అడగాలి. క్రైస్తవ సంఘాలు హోదా కోసం విడిగా, దళిత సంఘాలు అట్రాసిటీ కేసుల కోసం విడిగా, వర్గీకరణ ఉద్యమాలు వాటా కోసం విడిగా నడుస్తున్నంతకాలం ఢిల్లీకి ఏ ఇబ్బందీ లేదు. మాల, మాదిగ, రెల్లి సంఘాలు, చర్చికి వెళ్లేవాళ్లూ వెళ్లనివాళ్లూ ఒకే గొంతుతో అడగగలిగిన కోరిక ఇది. గుంటూరు, ప్రకాశం, బాపట్ల, పల్నాడు జిల్లాల్లో ఎస్సీ రిజర్వు స్థానాల నుంచి గెలిచిన ప్రజాప్రతినిధులను ముందుగా ఈ ఒక్క సవరణ మీద నిలదీయాలి. వాళ్లలో చాలామందికి ఓట్లు వేసింది ఆదివారం చర్చి నుంచి నేరుగా పోలింగు బూతుకు నడిచివెళ్లగల పల్లెలే.

2025 ఏప్రిల్ 30నే, ఆ తీర్పు వచ్చిన రోజే, రాబోయే జనగణనలో కులాన్ని కూడా లెక్కిస్తామని కేంద్రం ప్రకటించింది. ఎన్యూమరేటరు పల్లెకు వచ్చినప్పుడు కులం గడి, మతం గడి పక్కపక్కనే ఉంటాయి. నిజం రాయించిన కుటుంబం నష్టపోకూడదు. ఆ మాత్రం భరోసా ఇవ్వలేని రాజ్యం తన లౌకికత గురించి పీఠికలో ఎన్ని మాటలు రాసుకున్నా, పల్లె దాకా అవి వచ్చినట్టు కాదు.